ఓపెన్‌సీక్రెట్స్: తుపాకీ లాబీ డబ్బు లెక్క చూడాలనుకునే తల్లిదండ్రులకి

అమెరికా నాయకుల్లో ఎవరి ఎన్నికకి ఎవరి డబ్బు ఎంత చేరిందో చూపించే వెబ్‌సైట్ ఓపెన్‌సీక్రెట్స్. ఉచితంగా చూడొచ్చు. ఐదుకి నాలుగు మార్కులు వేస్తున్నాను. అక్కడ ఎక్కడో కాల్పులు జరిగిన ప్రతిసారీ "తుపాకీ కంపెనీల డబ్బు తిని వీళ్లంతా నోరు మూసుకున్నారు" అనే మాట మన ఇళ్లలో వస్తుంది. అందులో నిజం ఎంతో తేల్చుకోవాలంటే ఇంతకంటే మంచి చోటు నాకు కనపడలేదు. కాకపోతే అందులో ఒక పెద్ద అంకెని పట్టుకుని ఆగిపోతే అసలు సంగతి తెలియదు. ఈ రివ్యూ పొడుగవుతున్నది దానివల్లే, ఓపిగ్గా చదవండి.

నా గురించి రెండు మాటలు. మాది హిందూపురం, చాలా ఏళ్లుగా బెంగళూరు రామమూర్తినగర్‌లో ఉంటున్నాం. బ్యాంకులో ఇన్‌స్పెక్షన్ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. బ్రాంచి పుస్తకాలు ముందు పెట్టుకుని ఏ డబ్బు ఎక్కణ్ణించి వచ్చింది, ఏ పద్దు కింద రాశారు అని చూడటమే నా ఉద్యోగం. మా అమ్మాయి వాళ్లు టెక్సస్‌లో ప్లేనో దగ్గర ఉంటారు. మనవడు అక్కడే ఎలిమెంటరీ స్కూల్లో చదువుతున్నాడు. కాల్పులు జరిగితే ఏం చేయాలో నేర్పడానికి వాడి స్కూల్లో లాక్‌డౌన్ డ్రిల్ చేయిస్తారు. టీచరు లైట్లు ఆర్పి తలుపు గడియ పెడుతుంది, పిల్లలు కిటికీలకి కనపడకుండా మూలన చేరి నోరు మెదపకుండా కూర్చోవాలి. వీడియో కాల్‌లో వాడు ఆ సంగతి ఆటల పీరియడ్ గురించి చెప్పినంత మామూలుగా చెప్పాడు. వాడికి అది మామూలైపోవడమే నాకు భరించలేని విషయం. అందుకే ఈ సైట్‌ని ఇంత పట్టుదలగా చదివాను.

2022 మే 24న టెక్సస్‌లోనే యువాల్డీ అనే ఊళ్లో, రాబ్ ఎలిమెంటరీ స్కూల్లో, 19 మంది పిల్లల్నీ ఇద్దరు టీచర్లనీ ఒకడు కాల్చి చంపాడు. ఆ వారంలోనే అమెరికాలో పిల్లలున్నవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక జాబితా తిరిగింది. సెనేటర్ల, అంటే అమెరికా కాంగ్రెస్ పైసభ సభ్యుల, పేర్లు, పక్కన తుపాకీ హక్కుల కోసం పోరాడే నేషనల్ రైఫిల్ అసోసియేషన్, అంటే ఎన్‌ఆర్‌ఏ, నుంచి వాళ్లు "తీసుకున్న" డబ్బు. అన్నిటికంటే పైన మిట్ రామ్నీ, కోటీ 36 లక్షల డాలర్లు. తరవాత రిచర్డ్ బర్, దాదాపు 70 లక్షలు. రాయ్ బ్లంట్, టామ్ టిల్లిస్ చెరో 45 లక్షలు, కాస్త అటూ ఇటూగా. మార్కో రూబియో 33 లక్షలు. మా ఆడపడుచు పద్మ కొడుకు హ్యూస్టన్‌లో ఉంటాడు. ఆవిడే నాకు ఫోన్ చేసి, "చూశావా వదినా, పిల్లల ప్రాణాలకి వీళ్లు తీసుకున్న రేటు ఇది" అంది. ఆ గొంతులో కోపం నాకు పూర్తిగా అర్థమైంది. కానీ అంకె ముందుకొచ్చాక అది ఏ పద్దులోదో చూడకుండా ఉండలేను.

జాబితా కల్పితం కాదు. తుపాకుల నియంత్రణ కోసం పనిచేసే బ్రేడీ అనే సంస్థ 2019లో దాన్ని వేసింది, అంకెలు తీసుకున్నది ఓపెన్‌సీక్రెట్స్ వాళ్ల దగ్గరే. అప్పట్లో ఓపెన్‌సీక్రెట్స్ నడిపే సంస్థ పేరు సెంటర్ ఫర్ రెస్పాన్సివ్ పాలిటిక్స్. 1983లో ఫ్రాంక్ చర్చ్, హ్యూ స్కాట్ అనే ఇద్దరు మాజీ సెనేటర్లు మొదలుపెట్టారు. ఒకాయన డెమోక్రాట్, ఇంకొకాయన రిపబ్లికన్. వెబ్‌సైట్ 1996 నుంచి ఉంది. రాష్ట్రాల ఎన్నికల డబ్బు లెక్కలు చూసే ఇంకో సంస్థ 2021లో వీళ్లతో కలిసింది, అప్పుడే ఓపెన్‌సీక్రెట్స్ అనే పేరు మొత్తానికి ఖాయమైంది. ఏ పార్టీకీ, ఏ కంపెనీకీ చెందింది కాదు. అంకెలు వాళ్లు ఊహించి రాసేవీ కావు. అక్కడి ఎన్నికల సంఘం ఫెడరల్ ఎలక్షన్ కమిషన్‌కి అభ్యర్థులూ సంఘాలూ ఇవ్వాల్సిన లెక్కల్ని తీసుకుని, పేర్లు సరిచూసి, పరిశ్రమల వారీగా సర్ది పెడతారు. అభ్యర్థికి 200 డాలర్లు దాటి ఇచ్చినవాళ్ల పేరు, ఉద్యోగం, ఎక్కడ పనిచేస్తారో అన్నీ రికార్డులో ఉండాలి. మన దేశంలో పార్టీలు ఎన్నికల సంఘానికి పేరు చెప్పాల్సింది 20,000 రూపాయలు దాటిన చందాకే.

ఇక ఎలా చూడాలో చెప్తాను. వీలుంటే కంప్యూటర్‌లో తెరవండి, పట్టికలు వెడల్పుగా ఉంటాయి. వెతికే చోట ఎన్‌ఆర్‌ఏ పూర్తి పేరు ఇస్తే ఆ సంస్థ పేజీ వస్తుంది. పైన ఏ ఎన్నికల కాలమో ఎంచుకోవాలి, రెండేళ్లది ఒక కాలం. కింద మూడు రకాల డబ్బు విడివిడిగా కనిపిస్తుంది. ఒకటి నేరుగా అభ్యర్థులకి ఇచ్చిన చందాలు. రెండోది బయటి ఖర్చు, అంటే అభ్యర్థి చేతికి ఇవ్వకుండా అతని కోసమో, అతని ప్రత్యర్థికి వ్యతిరేకంగానో సంస్థ తనంతట తాను ప్రకటనల మీదా కరపత్రాల మీదా పెట్టిన డబ్బు. మూడోది లాబీయింగ్, చట్టసభ సభ్యుల ఆఫీసుల చుట్టూ తిరిగి తమ మాట వినిపించడానికి పెట్టుకున్న మనుషుల జీతభత్యాలు. ఎం అనే అక్షరం ఉంటే మిలియన్, అంటే పది లక్షలు. ఈ మూడింటినీ కలిపేసి "తీసుకున్నాడు" అనకూడదు. ఇంత చెప్తున్నది ఈ ఒక్క మాట కోసమే.

ఎందుకో రామ్నీ అంకెలోనే తెలుస్తుంది. ఎన్‌ఆర్‌ఏ లాంటి సంస్థ పెట్టుకున్న రాజకీయ నిధి ఒక అభ్యర్థికి నేరుగా ఇవ్వగలిగేది ఒక్కో ఎన్నికకి 5,000 డాలర్లు. పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీ ఒకటి, అసలు ఎన్నిక ఒకటి, రెండూ కలిపి 10,000. అంతకు మించి చట్టం ఒప్పుకోదు. మరి కోటీ 36 లక్షలు ఎలా వచ్చింది? 2012లో రామ్నీ అధ్యక్ష పదవికి పోటీ చేశాడు. ఒబామాని ఓడించాలని ఎన్‌ఆర్‌ఏ పెట్టిన ప్రకటనల ఖర్చు అందులో పెద్ద భాగం. ఆ డబ్బు రామ్నీ ఖాతాలో పడలేదు, అతనితో కలిసి కూర్చుని ఖర్చు పెట్టడానికీ వీల్లేదు. ఆరేళ్ల తరవాత అతను యూటా నుంచి సెనేటర్‌గా గెలిచాడు, ఆ అంకె కూడా అతని వెంట సెనేట్‌కి వచ్చింది. సైట్‌లో ఇదంతా అనుకూలం, వ్యతిరేకం అని వేరే వరసల్లోనే ఉంటుంది. వాట్సాప్ జాబితాలోకి వచ్చేసరికి ఆ వరసలు పోయాయి. ఖర్చు పద్దుని పట్టుకుని ఇది క్రయపత్రం అన్నట్టు అయింది.

అయితే ఏముంది, ఎవరి చేతికి వెళ్లినా ఉపయోగం అతనికేగా అని మీరు అడగొచ్చు. పద్మ వదిన కూడా అదే అడిగింది. న్యాయమైన ప్రశ్న. 2010లో అమెరికా సుప్రీంకోర్టు సిటిజన్స్ యునైటెడ్ కేసులో తీర్పు ఇచ్చాక ఈ బయటి ఖర్చుకి హద్దు లేకుండా పోయింది. 2016లో ఎన్‌ఆర్‌ఏ బయటి ఖర్చు 5 కోట్ల 40 లక్షల డాలర్లు దాటింది. అందులో 3 కోట్లకు పైగా ట్రంప్‌ని గెలిపించడానికీ హిల్లరీ క్లింటన్‌ని ఓడించడానికీ పోయింది. అదే ఏడాది నేరుగా ఇచ్చిన చందాలు దీని పక్కన చాలా చిన్నవి. ట్రంప్ కాక పెద్ద మొత్తాలు వెళ్లింది ఆరు సెనేట్ పోటీల్లోకి. బర్, బ్లంట్, రూబియో, రాబ్ పోర్ట్‌మన్, టాడ్ యంగ్, జో హెక్. వీళ్లలో ఓడింది నెవాడాలో జో హెక్ ఒక్కడే.

ఇక్కడ సైట్‌ని పక్కన పెట్టి సెనేట్ ఓట్ల రికార్డు తెరిచాను. అది కూడా ఉచితమే, సెనేట్ సొంత వెబ్‌సైట్‌లో ప్రతి ఓటూ పేర్లతో ఉంటుంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప ఓపెన్‌సీక్రెట్స్ పూర్తి విలువ తెలియదు.

2012 డిసెంబరులో శాండీ హుక్ స్కూల్లో 20 మంది పిల్లలు, ఆరుగురు పెద్దవాళ్లు చనిపోయారు. 2013 ఏప్రిల్ 17న మాంచిన్, టూమీ అనే ఇద్దరు సెనేటర్ల సవరణ ఓటుకి వచ్చింది. తుపాకీ ప్రదర్శనల్లో, ఇంటర్నెట్‌లో అమ్మేటప్పుడు కూడా కొనేవాడి నేరచరిత్ర చూడాలి అన్నదే దాని సారాంశం. సర్వేల్లో పదిమందిలో ఎనిమిది తొమ్మిది మంది అమెరికన్లు కావాలంటున్న విషయం అది. 54 మంది అవునన్నారు, 46 మంది కాదన్నారు. సెనేట్ నియమం ప్రకారం గండం దాటడానికి సగం చాలదు, 60 కావాలి, దాటలేదు. బర్, బ్లంట్, పోర్ట్‌మన్, రూబియో అందరూ కాదన్నవాళ్లే.

ఇప్పుడు యువాల్డీ తరవాతి ఓటు. 2022 జూన్ 23న సెనేట్‌లో బైపార్టిసన్ సేఫర్ కమ్యూనిటీస్ చట్టం 65–33తో నెగ్గింది. ఎన్‌ఆర్‌ఏ దాన్ని బాహాటంగా వ్యతిరేకించింది. అయినా 15 మంది రిపబ్లికన్లు అవునన్నారు. ఆ 15 పేర్లూ వాట్సాప్ జాబితా పక్కన పెట్టి చూశాను. మొదటి స్థానంలో ఉన్న రామ్నీ అవును. రెండో స్థానం బర్ అవును. బ్లంట్ అవును. టిల్లిస్ అవును. 2016లో ఎన్‌ఆర్‌ఏ కోట్లు పోసి గెలిపించిన ఐదుగురిలో నలుగురు అవును, కాదన్నది రూబియో ఒక్కడే. డబ్బు తీసుకుని ఓటు అమ్ముకున్నారు అనే సిద్ధాంతం నిజమైతే ఆ రోజు జాబితాలో పైనున్నవాళ్లే ముందు కాదనాలి. జరిగింది దానికి పూర్తిగా తలకిందులు.

ఇది చూసి "డబ్బు ప్రభావం ఏమీ లేదు" అని లేచిపోయేవాళ్లున్నారు. నేను వాళ్లతోనూ ఒప్పుకోను. ఆ చట్టంలో ఏముందో చూడండి. 21 ఏళ్లలోపు వాళ్లు కొంటే బాల్యంలోని రికార్డు కూడా చూడటం, ప్రమాదకరంగా మారిన మనిషి దగ్గర కోర్టు ఆర్డరుతో కొంతకాలం తుపాకీ తీసుకునే పద్ధతికి రాష్ట్రాలకి నిధులు, మానసిక ఆరోగ్యానికీ స్కూళ్ల భద్రతకీ డబ్బు. మంచివే, ఎంతో కాలానికి వచ్చినవి. కానీ 2013లో ఓడిపోయిన ఆ సవరణలోని ముఖ్యమైన అంశం, ప్రదర్శనల్లో, ఇంటర్నెట్‌లో జరిగే అమ్మకాలకి కూడా నేరచరిత్ర పరిశీలన, ఇందులో లేదు. ఆ అంశంతో ప్రతినిధుల సభ 2019 ఫిబ్రవరిలో 240–190తోనూ, 2021 మార్చిలో 227–203తోనూ బిల్లులు పాస్ చేసి పంపింది. సెనేట్‌లో ఆ రెండూ ఓటుకే రాలేదు. ఓటుకి రాని బిల్లు మీద ఎవరు ఎటు అన్నారో రికార్డు ఉండదు. బ్యాంకులో మంజూరైన అప్పుల ఫైళ్లు చూస్తే మేనేజరు సంగతి సగమే తెలిసేది. టేబుల్ దాకా రానివ్వకుండా కౌంటర్ దగ్గరే తిప్పి పంపిన దరఖాస్తుల్లో మిగతా సగం ఉండేది, వాటికి ఫైలే ఉండదు. తుపాకీ లాబీ అసలు బలం నాకు ఆ ఫైలు లేని చోటే కనిపిస్తోంది.

దీనికి పరిశోధన సాయం కూడా కొంత ఉంది. చందాలకీ సభలో వేసే ఓట్లకీ సంబంధం వెతికిన పాత అధ్యయనాల్ని 2003లో ముగ్గురు పరిశోధకులు ఒకచోట చేర్చి చూశారు. ఎక్కువ వాటిలో చందా వల్లే ఓటు మారిందనే గట్టి ఆధారం దొరకలేదు. ముందే తుపాకుల వైపు ఉన్నవాడికే తుపాకీ లాబీ డబ్బిస్తుంది. అతను ఓటు వేసింది డబ్బుకా, నమ్మకానికా అంటే విడదీయడం కష్టం. ఇంకోవైపు, 2016లో జాషువా కల్లా, డేవిడ్ బ్రూక్‌మన్ అనే ఇద్దరు ఒక ప్రయోగం ఫలితాలు బయటపెట్టారు. అది తుపాకుల గురించి కాదు గానీ మనకి పనికొస్తుంది. 191 మంది అమెరికా కాంగ్రెస్ సభ్యుల ఆఫీసులకి అపాయింట్‌మెంట్ అడుగుతూ ఉత్తరాలు వెళ్లాయి. కొన్నిటిలో వచ్చేవాళ్లు నియోజకవర్గం వాళ్లని రాశారు, కొన్నిటిలో చందాదారులని రాశారు. చందాదారులు అన్నచోట పెద్ద హోదాలో ఉన్నవాళ్లు కలవడానికి ఒప్పుకోవడం మూడు నాలుగు రెట్లు పెరిగింది. డబ్బు తలుపు తెరుస్తుంది అన్నది అక్కడ రుజువైంది. లోపలికి వెళ్లినవాళ్లు బిల్లులో ఏ వాక్యం ఉండాలి, ఏది ఉండకూడదు అనే దాకా మాట్లాడగలరు. రాబ్ స్కూల్లో పిల్లల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులకి ఆ తలుపు అంత సులువుగా తెరుచుకోలేదు. నన్ను బాధపెట్టేది ఇది.

డబ్బుకి మించినది ఇంకొకటి ఉంది, అది ఓపెన్‌సీక్రెట్స్ పేజీల్లో కనపడదు. ఎన్‌ఆర్‌ఏ ప్రతి అభ్యర్థికీ ఎ నుంచి ఎఫ్ దాకా గ్రేడు వేస్తుంది. ఆ గ్రేడు చూసి ఓటేసే సభ్యులు తమకి దాదాపు 50 లక్షల మంది ఉన్నారని చెప్పుకుంటూ వచ్చింది. వాళ్లు ప్రైమరీలో తప్పకుండా ఓటేస్తారు, ఆఫీసుకి ఫోన్ చేస్తారు, ఉత్తరం రాస్తారు. 2013లో కాదన్న నార్త్ డకోటా డెమోక్రాట్ హైడీ హైట్‌క్యాంప్, తన రాష్ట్రం నుంచి వచ్చిన ఫోన్లు ఎక్కువగా వద్దనే చెప్పాయని వివరణ ఇచ్చింది. నేరచరిత్ర పరిశీలన కావాలని సర్వేల్లో చెప్పినవాళ్లు అంతగా ఫోన్ చేయలేదు. 1871లో పెట్టిన సంఘం, శిక్షణ క్లాసులు, పత్రిక, తరతరాల సభ్యత్వం, అన్నీ కలిసి తయారైన మనుషులు వాళ్లు. ఆ కట్టుబాటుని ఏ డాలర్ల వరసలోనూ రాయలేం.

ఆ బలం చేతిలో ఉన్నవాడు కృతజ్ఞత కూడా చూపించడు. అర్కాన్సా డెమోక్రాట్ మార్క్ ప్రయర్ 2013లో ఎన్‌ఆర్‌ఏ కోరినట్టే కాదని ఓటేశాడు. మరుసటి ఏడాది ఎన్నికల్లో ఎన్‌ఆర్‌ఏ అతని ప్రత్యర్థి టామ్ కాటన్ వెనకే నిలబడింది. ప్రయర్ ఓడిపోయాడు. మరోపక్క, గ్రేడు ఉన్నవాడు ఎప్పటికీ కదలడు అనుకోవడం కూడా సరికాదు. 2018 ఫిబ్రవరి 14న ఫ్లోరిడాలో పార్క్‌లాండ్ హైస్కూల్లో 17 మంది చనిపోయారు. అక్కడి గవర్నరు రిక్ స్కాట్‌కి ఎన్‌ఆర్‌ఏ దగ్గర ఎ ప్లస్ ఉంది. నెల తిరక్కుండా, మార్చి 9న, తుపాకీ కొనే వయసు 21కి పెంచే చట్టం మీద ఆయనే సంతకం చేశాడు. ఎన్‌ఆర్‌ఏ అదే రోజు కోర్టుకెళ్లింది. ఆ స్కూలు పిల్లలు రాజధాని టలహాసీ దాకా బస్సుల్లో వెళ్లి శాసనసభ్యుల ఎదురుగా నిలబడ్డారు. ఆ పిల్లల దగ్గర చందా లేదు.

సైట్‌లో గన్ రైట్స్, గన్ కంట్రోల్ అని రెండు వైపుల డబ్బూ వేరువేరు పేజీల్లో ఉంటుంది, రెండూ చూడండి. మైకేల్ బ్లూమ్‌బర్గ్ డబ్బుతో 2014లో వచ్చిన ఎవ్రీటౌన్ లాంటి సంస్థలు రంగంలోకి దిగాక లెక్క మారింది. 2018 ఎన్నికల్లో బయటి ఖర్చులో నియంత్రణ కోరేవాళ్లే పైచేయి అయ్యారు, అంతకుముందు ఎప్పుడూ లేనిది అది. మరి డబ్బే సర్వస్వమైతే ఆ తరవాత దేశమంతా చట్టాలు మారిపోవాలి కదా. కొన్ని రాష్ట్రాల్లో మారాయి. టెక్సస్‌లో మాత్రం 2021 సెప్టెంబరు నుంచి 21 ఏళ్లు దాటినవాళ్లు లైసెన్సు లేకుండానే పిస్తోలు దగ్గర పెట్టుకుని తిరగొచ్చు.

తగ్గించిన ఆ ఒక్క మార్కు సంగతి. ఎన్‌ఆర్‌ఏ ఎక్కడ ఖర్చు పెట్టిందో సైట్‌లో తెలుస్తుంది, ఎన్‌ఆర్‌ఏకి ఆ డబ్బు ఎవరిచ్చారో చాలావరకు తెలియదు. అలాంటి లాభాపేక్ష లేని సంఘాలు దాతల పేర్లు బయటపెట్టనక్కర్లేదని చట్టమే చెప్తోంది. తప్పు వెబ్‌సైట్‌ది కాదు, వాళ్లు దాన్ని డార్క్ మనీ అని విడిగా చూపిస్తున్నారు కూడా. అయినా చూసే మనిషికి కావలసింది దొరకనప్పుడు పూర్తి మార్కులు వేయలేను. ఇంకో జాగ్రత్త. ఒక కంపెనీ పేరు పక్కన కనిపించే చందాలో ఆ కంపెనీ ఉద్యోగులూ వాళ్ల కుటుంబాలూ సొంతంగా ఇచ్చినవి కూడా కలుస్తాయి. ఆ మాట పేజీలోనే రాసి ఉంటుంది, చదవకుండా దాటిపోకండి. దాతల్ని పేరుతో వెతికే సౌకర్యం కూడా ఉంది. డల్లాస్ వైపు వెతికితే మన ఇంటిపేర్లు బోలెడు కనిపిస్తాయి, డాక్టర్లూ సాఫ్ట్‌వేర్ వాళ్లూ రెండు పార్టీలకీ ఇస్తున్నారు. మనవాళ్లకి అక్కడ గొంతు లేదనేది ఇక చెల్లదు.

మన దగ్గర పరిస్థితితో పోల్చకుండా ఉండలేకపోయాను. పేరు బయటపడకుండా పార్టీలకి చందా ఇచ్చే ఎలక్టోరల్ బాండ్లు చెల్లవని మన సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 15న తీర్పిచ్చింది. మార్చి 14న ఎన్నికల సంఘం రెండు జాబితాలు పెట్టింది. ఒకదాంట్లో కొన్నవాళ్లు, ఇంకోదాంట్లో మార్చుకున్న పార్టీలు. ఎవరి బాండు ఎవరికి చేరిందో కలిపే నంబర్లు లేవు. కోర్టు మళ్లీ గట్టిగా అడిగాక 21న ఆ నంబర్లు వచ్చాయి. అప్పుడు నేనూ మా పాత సహోద్యోగులూ కబ్బన్ పార్కులో కూర్చుని ఆ కాగితాల మీద పెన్నుతో గీతలు గీసుకున్నాం. 16 వేల కోట్లకు పైగా బాండ్లు అన్నేళ్లు అమ్ముడుపోయాక గానీ ఓటరుకి ఆ లెక్క అందలేదు. అదే పని అమెరికా పౌరుడికి ఓపెన్‌సీక్రెట్స్‌లో ఎన్నికకి ముందే, కూర్చున్న చోటే అవుతుంది. అభ్యర్థుల అఫిడవిట్ల కోసం మనకి మైనేతా అనే సైట్ ఉంది, అది నిజంగా గొప్ప పని. 1999లో ఐఐఎం ప్రొఫెసర్లు మొదలుపెట్టిన ఏడీఆర్, అంటే అసోసియేషన్ ఫర్ డెమోక్రటిక్ రిఫార్మ్స్, వాళ్లది. కానీ చందాల దాకా వచ్చేసరికి మన చట్టమే సగం చీకట్లో ఉంచుతోంది.

తుపాకీ విషయంలో మాత్రం మనం అదృష్టవంతులం. మా మేనమామకి అనంతపురం జిల్లాలో పొలం కాపలాకని లైసెన్సు తుపాకీ ఉండేది. ఎన్నికల నోటిఫికేషన్ రాగానే స్టేషన్‌లో అప్పజెప్పి రసీదు తెచ్చుకునేవాడు, ఎన్నికలయ్యాక వెళ్లి తెచ్చుకునేవాడు. ఇదేమిటని ఆయన ఎప్పుడూ అడగలేదు. 2019లో ఆయుధాల చట్టం సవరించి ఒక మనిషికి మూడు తుపాకుల బదులు రెండే అన్నారు. ఎన్‌ఆర్‌ఏ అంత బలమైన తుపాకీ లాబీ ఇక్కడ లేదు. అమెరికాలో పెద్దవాళ్లలో మూడోవంతు మందికి సొంత తుపాకీ ఉంది, వాళ్ల రాజ్యాంగంలో దానికి చోటుంది. అంతమంది ఇళ్లలో ఉన్న వస్తువు గురించి ఏ నాయకుడైనా ఆచితూచి మాట్లాడతాడు, చందా ఒక్కటీ రాకపోయినా.

ఇవన్నీ పద్మ వదినకి వాళ్లింట్లో లాప్‌టాప్ మీద చూపించాను. "అయితే వాళ్లని తిట్టొద్దంటావా వదినా?" అని అడిగింది. తిట్టు వదినా, కానీ సరైన కారణానికి తిట్టు అన్నాను. 2022లో అవునన్న బర్‌ని తిట్టకు. ఆ నేరచరిత్ర పరిశీలన బిల్లుని రెండుసార్లు ఓటు దాకా రానివ్వనివాళ్లని అడుగు.

ఇక టెక్సస్‌లో పిల్లలున్నవాళ్లకి ప్రత్యేకంగా. కాంగ్రెస్ పేజీలు చూసి ఆగిపోకండి. తుపాకీ కొనే వయసు, లైసెన్సు లాంటివి ఎక్కువగా రాష్ట్ర శాసనసభలో తేలతాయి. అక్కడి చందాల లెక్కల్ని 2021లో వీళ్లతో కలిసిన సంస్థ ఫాలో ద మనీ అనే సైట్‌లో పెడుతూ వచ్చింది. అది కూడా తప్పక చూడండి, ఎందుకంటే టెక్సస్‌లో ఒక మనిషి రాష్ట్ర శాసనసభ అభ్యర్థికి ఇంతే ఇవ్వాలనే పరిమితి లేదు. 2023 మే 6న మా అమ్మాయి వాళ్ల ఇంటికి దగ్గర్లోనే ఆలెన్ మాల్‌లో కాల్పులు జరిగి 8 మంది చనిపోయారు. రెండు రోజుల తరవాత, సెమీ ఆటోమేటిక్ రైఫిల్ కొనే వయసు 21కి పెంచే బిల్లు టెక్సస్ హౌస్ కమిటీలో 8–5తో నెగ్గింది. ఇద్దరు రిపబ్లికన్లు కూడా అవునన్నారు. యువాల్డీ తల్లిదండ్రులు ఆ గదిలోనే ఉన్నారు. తరవాత ఆ బిల్లు సభలో చర్చకి వచ్చే జాబితాలో గడువులోగా చేరలేదు, అక్కడే ఆగిపోయింది. ఆ జాబితా తయారు చేసే కమిటీలో ఎవరున్నారు, వాళ్లకి ఎవరి చందాలున్నాయి అన్నది చూడాల్సిన పేజీ.

మా అల్లుడిది హెచ్-1బి వీసా. ఓటు లేదు, చందా ఇవ్వడానికి కూడా అక్కడి చట్టం ఒప్పుకోదు. గ్రీన్ కార్డు వస్తే చందా ఇవ్వొచ్చు, పౌరసత్వం వచ్చాక ఓటు. కానీ ప్రతినిధి ఆఫీసుకి ఫోన్ చేయడానికి ఏ కార్డూ అక్కర్లేదు. స్కూలు పేరెంట్స్ మీటింగులో పక్కన కూర్చునే పౌరులకి ఈ పేజీలు చూపించడానికీ అక్కర్లేదు. టెక్సస్ శాసనసభ బేసి సంవత్సరాల్లో జనవరిలో కూర్చుంటుంది. ఎన్నిక దానికి ముందు నవంబరులో, ప్రైమరీ ఆ ఎన్నిక ఏడాది మార్చిలోనే. తుపాకులున్నవాళ్లు ఆ మార్చి ఓటుని వదలరు. కాబట్టి ఈ లెక్కలు చూడటం దానికి ముందే, జనవరి ఫిబ్రవరుల్లో పెట్టుకోండి.